పెట్టె మీద బొట్టు

సోమవారం పొద్దున భీమయ్య యూనివర్సిటీ తోటలో గులాబీ మొక్కలకు నీళ్లు పోస్తూ కనిపించాడు. కాత్యాయని ముందు తన కళ్లను తనే నమ్మలేదు. భీమయ్య చేతిలో తాడుండాలి, లేదా పెట్రోమాక్స్ లైటుండాలి, రెండూ లేకపోతే బీడీ అయినా ఉండాలి. నీళ్ల డబ్బా ఏమిటి? పూలవైపు ఎన్నడూ కన్నెత్తి చూడని మనిషి, పసిపిల్లకు మందు తాగిస్తున్నంత జాగ్రత్తగా ఒక్కో మొక్కకూ వంగి పోస్తున్నాడు.

"ఏం భీమయ్యా, ఇక్కడున్నావేం?"

భీమయ్య డబ్బా కింద పెట్టి తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఏం చెప్పాలో తోచనప్పుడు అతను చేసే పని అది.

"ఏమో బిడ్డా. పొద్దుగాల్నే వొచ్చిన. నీకు ఇగ షెడ్డుల పని లేదు, తోటల చెయ్యిపో అన్నరు. తాళంచెవి గూడ తీసుకున్నరు."

"ఎవరన్నారు?"

"ఆఫీసుల బాబు. పెద్దసారు చెప్పిండంట."

పెద్దసారంటే ఉమాపతిగారు. కాత్యాయని పరిశోధనకు గురువు. నోరు జారి ఎవరినీ ఒక మాట అనని మనిషి. అలాంటాయన, బెలూన్ ఎగరేసే పనిలో మొదటినుంచీ ఉన్న భీమయ్యను, అందులోనూ ఆ బెలూన్ దిగ్విజయంగా ఎగిరి వారమైనా కాకముందే, షెడ్డులోంచి ఎందుకు పంపించేస్తారు?

"కారణం అడిగావా?"

"అడిగితే చెప్తరా మనకు?" భీమయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ దినం నేనొక తప్పు జేసిన బిడ్డా. గాలిబుగ్గను వొదిలే ముందల పెట్టెకు బొట్టు వెట్టిన. మా రాములమ్మ ఇచ్చింది, గుడికాడి కుంకుమ. ఎవ్వలు జూడలే అనుకున్న. సారు జూసిండేమో."

కాత్యాయనికి నవ్వు వచ్చింది గాని అతని మొహం చూసి ఆపుకుంది. ఆ మొహంలో నవ్వాల్సింది ఏమీ లేదు.

"బొట్టుకెవరైనా కోప్పడతారా? నేను కనుక్కుంటాను ఉండు."

"వొద్దు బిడ్డా. ఇంకింత కోపమొస్తది. గీ పని గూడ పోతది." డబ్బా మళ్లీ ఎత్తుకున్నాడు. "రామంతాపూర్‌ల అందరికి జెప్పుకున్న, ఆఖరు తాడు ఇడిచేది నేనే అని. ఇప్పుడు ఏమని జెప్పాలె?"

ఆ మాట కాత్యాయనికి ఎక్కడో తగిలింది. ఆఖరి తాడు భీమయ్యదే. తెల్లవారుజామున మైదానంలో బెలూన్ నిలబడి ఊగుతుంటే, దాని కింద వేలాడే పెట్టెను ఛాతీకి ఆనించి పట్టుకుని, ఉమాపతిగారు చెయ్యి ఊపగానే నాలుగడుగులు దాంతోపాటు పరుగెత్తి వదిలేవాడు అతనే. కొత్తవాళ్లు వదిలితే పెట్టె నేలకు కొట్టుకునేది. అతను వదిలితే, అత్తవారింటికి వెళ్లే పిల్లంత పొందికగా లేచేది.

లోపల గదిలో పండగలా ఉంది. తోటి రిసెర్చి స్కాలర్ సుందరరావు అంబర్‌పేట నుంచి జిలేబీలు తెచ్చి పంచుతున్నాడు. బల్లమీద చుట్టలు చుట్టలుగా కాగితం. పెట్టె ఆకాశంలోంచి రేడియోలో పంపిన లెక్కలను బట్టి కింద కలం గీసిన గీతలు అవి. రెండే గీతలు, పక్కపక్కనే.

రెండెందుకంటే పెట్టెలో ఉన్నవి కిరణాలను లెక్కపెట్టే రెండు కౌంటర్లు, కవల పిల్లలు. భీమయ్య వాటిని కళ్లనేవాడు. ఒకటి తెరిచిన కన్ను. సీసంతో చేసిన సన్నని జల్లెడలోంచి సరిగ్గా నడినెత్తికి చూస్తుంది. రెండోదానికి సీసం మూత, అది మూసిన కన్ను. మూసిన కన్ను లెక్కపెట్టేదంతా ఊరికే వచ్చిపడే చిల్లర కిరణాలు. తెరిచిన కన్ను అంతకంటే ఎక్కువ లెక్కపెడితే, ఆ ఎక్కువంతా పైనుంచి వచ్చిన ఎక్స్‌ కిరణాలన్నమాట.

నవంబరు చివర పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో హైదరాబాదు నెత్తిమీదుగా కన్యారాశిలోని ఒక గెలాక్సీ దాటిపోతుంది. పగటి వెలుతురులో ఎవరికీ కనపడదు. అయిదు కోట్ల కాంతి సంవత్సరాల దూరం. దాని నడిబొడ్డున ఏదో ఉందనీ, అది చుట్టూ ఉన్న వాయువును ఆపకుండా లోపలికి లాక్కుంటోందనీ, పడిపోయేది పడుతూ పడుతూ కాగి ఎక్స్‌ కిరణాలు కక్కుతుందనీ కొందరి ఊహ. ఆ ఏడాదే దానికి నల్లని బిలం అన్న అర్థంతో కొత్త పేరు వాడుకలోకి వస్తోంది. ఉమాపతిగారు ఒకసారి ఇదంతా టీ తాగుతూ భీమయ్యకు చెబితే, అతను చాలాసేపు ఆలోచించి, "అంటే సార్, తినేటోడు కనవడడు, తినే చప్పుడు మాత్రం ఇనవడ్తది" అన్నాడు. ఉమాపతిగారు ఆ మాటను తరవాత రెండు ఉపన్యాసాల్లో వాడుకున్నారు.

ఇప్పుడు కాగితం మీద తెరిచిన కన్ను గీత, మూసిన కన్ను గీతకు జానెడు పైన నడుస్తోంది. బ్యాటరీ ఆదా కోసం రేడియో బెలూన్ పైకి చేరాకే పలికేది, అప్పటికే గెలాక్సీ నడినెత్తిన ఉంది. అది పక్కకు దాటాక గీత మళ్లీ దిగడం కూడా చూడాల్సింది గాని, పెట్టెను విడదీసే గడియారం అనుకున్నదానికంటే ముందే పనిచేసి, తాడు తెగి పెట్టె పారాషూట్‌తో దిగిపోయింది. అయినా అంత ఎడం ఉన్నాక అనుమానమేమిటన్నాడు సుందరరావు. బుధవారం సాయంత్రం ఉమాపతిగారు బొంబాయి రైలెక్కుతారు. అక్కడి సభలో ఈ సంగతి చదువుతారు. కాత్యాయని థీసిస్ కూడా దీనిమీదే నిలబడుతుంది. ఇంట్లో వాళ్లమ్మ కామాక్షి, శుక్రవారం నుంచే పక్కింటి వాళ్లందరికీ "మా అమ్మాయి నక్షత్రాన్ని పట్టుకుంది" అని చెప్పడం మొదలుపెట్టింది.

ఉమాపతిగారు మాత్రం జిలేబీ ముట్టుకోలేదు. కిటికీ దగ్గర నిలబడి కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

"సార్, భీమయ్యను తోటకు మార్చారట."

"ఊఁ. షెడ్డులో ఇప్పుడు పనేముంది? తోటలో మనుషులు చాలడం లేదన్నారు." ఆయన తలెత్తలేదు. కళ్లజోడు తుడుస్తూనే ఉన్నారు.

"మీకు తనమీద కోపం వచ్చిందేమోనని..."

"కోపమా? ఛ. అతనిమీద కోపమెందుకు?"

"సరే సార్. పెట్టె వచ్చింది కదా, కౌంటర్లు ఒకసారి పరీక్ష చేసి పెట్టనా?"

"వద్దు." ఆ ఒక్క మాట మాత్రం గబుక్కున వచ్చింది. "అల్మారాలో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు దాన్ని కదపకు."

తిరిగొచ్చిన పెట్టెను పరీక్ష చేయడం వాళ్ల మామూలు పద్ధతి. అది నేర్పింది ఉమాపతిగారే. కాత్యాయని తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది గాని చేతిలోని జిలేబీ పాకం వేళ్లమీదే ఎండిపోయింది.

సాయంత్రం తార్నాక వైపు నడుస్తుంటే దారిపొడవునా సీతాఫలాల గంపలు. చలి అప్పుడే మొదలైంది. చౌరస్తాలో బాలస్వామి మిరపకాయ బజ్జీల బండి దగ్గర కాత్యాయని ఆగింది. బజారు బజ్జీలు తిని ఇంటికి వెళ్లి, ఆకలి లేదని తల్లితో అబద్ధమాడటం ఆమెకున్న ఒకే ఒక దురలవాటు.

బాలస్వామి బండి గుంజకు వేలాడే పెట్రోమాక్స్ లైటును కిందికి దించాడు. గాలి కొడుతుండగా లైటు ఊగింది, మాంటిల్ పుటుక్కుమని రాలింది. మాంటిల్ అంటే ఆ లైటులో మంటకు చుట్టూ కట్టే తెల్లని సంచి. ఒక్కసారి వెలిగిస్తే గుడ్డ కాలిపోయి, ముట్టుకుంటే రాలిపోయే బూడిద బుట్టలా మిగులుతుంది. వెలుగంతా ఇచ్చేది ఆ బుట్టే.

"దీని తల్లి... నిన్ననే కట్టిన!" అంటూ బాలస్వామి కొత్తది కట్టాడు. పాతదాని తెల్లని బూడిద పక్కనున్న బజ్జీల పళ్లెంమీద పడి ఉంది. అతను వంగి "ఉఫ్" మని ఊదేసి, అందులోంచే నాలుగు బజ్జీలు కాగితంలో పెట్టి ఇచ్చాడు.

కాత్యాయని చెయ్యి చాపలేదు.

"ఏమైందమ్మా? బూడిదే గద, పోయింది."

పోయింది. అచ్చంగా ఆ మాటే అనుకుంది తను కూడా, గురువారం తెల్లవారుజామున. పెట్టె పైరేకు బిగించబోతుండగా కరెంటు పోయింది. గాలి లేవకముందే బెలూన్ వదలాలి. ఉమాపతిగారు లైటు తెమ్మన్నారు. భీమయ్య తెచ్చి గుమ్మం దగ్గర ఆగాడు. "దగ్గరికి తే. ఇంకా దగ్గరికి. ఇంకా!" అని ఆయన అంటుంటే, చివరికి సరిగ్గా పెట్టె మీదికి వంచి పట్టుకున్నాడు. అక్కడే రాలింది మాంటిల్. తెరిచిన కన్ను మీదున్న సీసం జల్లెడంతా తెల్లబడింది. కాత్యాయని వంగి "ఉఫ్" మని ఊదింది. జల్లెడ శుభ్రంగా కనిపించింది. మూసిన కన్నుకు ఎలాగూ మూత ఉంది. కౌంటర్లు సరిచూడటం ముందురోజే అయిపోయింది, మళ్లీ చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఊదితే బూడిద ఎక్కడికి పోతుంది? సగం గాల్లోకి. సగం జల్లెడ బొక్కల్లోంచి లోపలికి.

మాంటిల్ మామూలు బూడిద కాదు. వెలుగు కోసం అందులో థోరియం కలుపుతారు. థోరియం తనంతట తనే కిరణాలు విసురుతూ ఉంటుంది. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో ప్రతి పిల్లా కొత్త మాంటిల్‌ను కౌంటరు ముందు పెట్టి, టకటకలు లెక్కపెట్టి, మార్కులు వేయించుకున్నదే. కాత్యాయనికి ఆ ప్రయోగంలో పదికి పది వచ్చాయి. పరీక్షలో తెలిసింది చేతికి తెలియలేదు, అంతే.

"బాలస్వామీ, ఒక మాంటిల్ అమ్ముతావా?" అంది.

"బజ్జీలొద్దా?"

"వద్దు. మాంటిల్ చాలు."

ఆ రాత్రి కంచం ముందు కూర్చున్న కూతురు నిజంగానే ఆకలి లేదంటే కామాక్షి నమ్మలేదు. "బజ్జీలు తిన్నావు కదూ?" అంది. తిన్నానని ఒప్పేసుకోవడమే సుఖమనిపించింది కాత్యాయనికి.

మంగళవారం మధ్యాహ్నం ఎమ్మెస్సీ పిల్లలు భోజనాలకు వెళ్లాక ప్రయోగశాలలో చేతి కౌంటరు ముందు మాంటిల్ పెట్టింది. అంతవరకు నింపాదిగా కొట్టుకుంటున్న కౌంటరు ఒక్కసారిగా పేలాలు వేయించినట్టు టకటకమంది. తీసేసింది. నెమ్మదించింది. మళ్లీ పెట్టింది. మళ్లీ అదే. ఎన్నిసార్లు పెట్టినా మాంటిల్ మనసు మార్చుకోలేదు.

ఏడవాలనిపించింది. జానెడు ఎడం. అయిదు కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఎవరో తింటున్న చప్పుడు అనుకున్నది, తార్నాక చౌరస్తాలో దొరికే బూడిద. చెబితే థీసిస్ పోతుంది, ఉమాపతిగారి జీవితంలో మొదటిసారి దక్కబోతున్న పేరూ పోతుంది. ఊదింది తనే కాబట్టి మాట పడాల్సిందీ తనే. చెప్పకపోతే ఎవరికీ ఏమీ కాదు. బొంబాయి సభలో చప్పట్లు కొడతారు. ఎప్పుడో ఇంకెవరో మరో దేశంలో కొలిచి తప్పంటే అప్పుడు చూసుకోవచ్చు.

కిటికీలోంచి తోట కనిపిస్తోంది. భీమయ్య చెట్టుకింద కూర్చుని సద్ది విప్పుతున్నాడు. షెడ్డు రోజుల్లో అతని చుట్టూ ఎప్పుడూ నలుగురుండేవాళ్లు. ఇప్పుడు ఒక్కడే తింటున్నాడు, షెడ్డు వైపు వీపు పెట్టుకుని. ఎవరికీ ఏమీ కాదనుకోవడం అంత సులువు కాలేదు ఆమెకు.

కాత్యాయని మాంటిల్‌ను చేతిరుమాలులో చుట్టుకుని ఉమాపతిగారి గదికి వెళ్లింది. ఆయన బొంబాయిలో చదవాల్సిన వ్యాసం ముందు పెట్టుకుని కూర్చున్నారు. కలం మూత తీసి లేదు.

"సార్, మీతో ఒకటి చెప్పాలి." నిలబడే చెప్పింది. కూర్చుంటే చెప్పలేనని భయం. "గురువారం కరెంటు పోయినప్పుడు మాంటిల్ రాలింది గుర్తుందా? ఆ బూడిద నేను ఊదాను. అది లోపలికి పోయింది సార్. మనం చూసింది గెలాక్సీని కాదనుకుంటాను. నాదే తప్పు."

చేతిరుమాలు విప్పి బల్లమీద పెట్టింది.

ఉమాపతిగారు ఆ మాంటిల్ వైపు చూశారు. ఆశ్చర్యపోలేదు. బల్ల సొరుగు లాగి, అందులోంచి సరిగ్గా అలాంటిదే ఇంకొకటి తీసి దాని పక్కన పెట్టారు.

"మెట్టుగూడలో కొన్నాను, శనివారం సాయంత్రం," అన్నారు. "కూర్చో అమ్మా."

కాత్యాయని కూర్చుంది.

"పెట్టె రాగానే అలవాటుకొద్దీ పరీక్షకు పెట్టాను. నేలమీద, ఈ గదిలో, పైన సున్నం వేసిన కప్పు. కప్పులో గెలాక్సీ ఏముంటుంది? అయినా తెరిచిన కన్ను అదే జానెడు ఎక్కువ చూపించింది." ఆయన నవ్వబోయారు గాని రాలేదు. "అప్పుడే అందరికీ చెప్పాలి. రేపు చెబుదామనుకున్నాను. ఆదివారం, సోమవారం... ఒక్క రెండు రోజులు ఉంచుకుందామనిపించిందమ్మా. ఇరవయ్యేళ్లుగా మాస్టారి పని చేస్తున్నాను. ఎవరో కనిపెట్టినవే పిల్లలకు చెబుతూ వచ్చాను. ఈసారి మనదీ ఒకటి ఉందనుకోవడం ఎంత బాగుందో నీకు తెలీదు."

"తెలుసు సార్," అంది కాత్యాయని. నిజంగానే తెలుసు. నిన్న సాయంత్రం వరకు ఆమెకూ అంతే బాగుంది.

తోటలో నీళ్ల డబ్బా చప్పుడు వినపడింది.

"మరి భీమయ్య ఏం చేశాడు సార్?" అంది ఆమె నెమ్మదిగా.

ఆయన ముందున్న వ్యాసాన్ని పక్కకు జరిపారు. "ఏమీ చెయ్యలేదు. అతను కనిపిస్తే ఆ లైటు కనిపిస్తోంది. 'దగ్గరికి, ఇంకా దగ్గరికి' అన్న నా గొంతే వినిపిస్తోంది. అతని మొహం చూడలేక దూరంగా పంపాను. అంత పెద్ద మనిషిని నేను."

"తను బొట్టు పెట్టినందుకు మీకు కోపమొచ్చిందనుకుంటున్నాడు."

"ఏం బొట్టు?"

కాత్యాయని చెప్పింది. ఉమాపతిగారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, రెండు అరచేతులతో మొహం కప్పుకున్నారు.

మర్నాడు ఆయన బొంబాయి రైలెక్కలేదు. సభకు తంతి ఇచ్చారు, చదవడానికి ఏమీ లేదని. సుందరరావు రెండు రోజులపాటు ఎవరితోనూ మాట్లాడలేదు, జిలేబీలకు పెట్టిన డబ్బులు తలుచుకున్నాడో ఏమో. కామాక్షి మాత్రం, "పోన్లే, నక్షత్రం ఎక్కడికి పోతుంది, అక్కడే ఉంటుందిగా" అని కూతురికి రెండో గరిటె పప్పు వడ్డించింది. ఖగోళశాస్త్రంలో అంతకంటే ఊరట కలిగించే మాట కాత్యాయని ఇంకెవరి దగ్గరా వినలేదు.

అదే బుధవారం పొద్దున ఉమాపతిగారు గులాబీ మొక్కల మధ్యకు పంచె ఎత్తిపట్టుకుని నడిచి వెళ్లారు. భీమయ్య గబగబా లేచి నిలబడ్డాడు, చేతులు బురద.

"భీమయ్యా, షెడ్డుకు రా."

"నేనేం తప్పు జేసిన సార్?"

"నువ్వు కాదు. ఆ రోజు లైటులోంచి రాలిన బూడిద పెట్టెలో పడి మన లెక్క చెడింది. లైటు దగ్గరికి తెమ్మన్నది నేను. నువ్వు గుమ్మం దగ్గరే ఆగావు." ఆయన జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి ఇచ్చారు. "తప్పు నాది. నీమీద పెట్టాను."

భీమయ్య తాళంచెవి తీసుకోకుండా ఆయన మొహంవైపే చూస్తూ ఉండిపోయాడు. పెద్దసార్లు ఆ మాటనడం అతనెప్పుడూ వినలేదు. తలగుడ్డ విప్పాడు, మళ్లీ చుట్టుకున్నాడు. చివరికి, "సగం చెట్లకే పోసిన సార్. మిగిలినయి గూడ పోసి వొస్త," అన్నాడు.

పెట్టె విప్పి, జల్లెడ ఊడదీసి, స్పిరిటుతో కడిగారు. కడిగిన గుడ్డలను దూరంగా గొయ్యితీసి పూడ్చారు. కౌంటరు ముందున్న పల్చని రేకును పారేసి కొత్తది వేశారు. కాత్యాయని ప్రతి పూటా రెండు కళ్లనూ సరిచూసింది. రెండూ సమానంగా కొట్టుకునేవరకు కడుగుతూనే ఉంది. ఇంకో బెలూన్ మిగిలింది. ఇంకొక్కటే.

డిసెంబరు మొదట్లో గాలి పడిపోయిన ఒక వేకువన మళ్లీ అందరూ షెడ్డులో చేరారు. కరెంటు ఉంది. అయినా భీమయ్య ముందుజాగ్రత్తగా పెట్రోమాక్స్ లైటును బయట, కానుగ చెట్టు అవతల పెట్టి వచ్చాడు. పైరేకు బిగించారు. భీమయ్య పెట్టెకు నాలుగడుగుల దూరంలో, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ముట్టుకుంటే కాలుతుందేమో అన్నట్టున్నాడు.

ఉమాపతిగారు చుట్టూ చూశారు. "బొట్టు ఏదయ్యా?"

భీమయ్య ఉలిక్కిపడ్డాడు. "పెట్టలె సార్. నీ పాదం తోడు, ఈసారి ముట్టుకోలే."

"అదే అడుగుతున్నాను. ఎందుకు పెట్టలేదు? తేలేదా?"

భీమయ్య కాత్యాయని వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను నెమ్మదిగా బొడ్లోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. తెచ్చాడన్నమాట. రాములమ్మ ఊరుకోదు.

ఉమాపతిగారు పొట్లం విప్పి, చేతి కౌంటరు తెమ్మన్నారు. కుంకుమను దాని ముందు పెట్టారు. కౌంటరు తన మామూలు పద్ధతిలో, ఎక్కడో ఒకటి, ఎక్కడో ఒకటి, నింపాదిగా కొట్టుకుంది. ఆయన ఇంకాస్త దగ్గరికి జరిపారు. అంతే. ఆయన ఇంకాసేపు విన్నారు, తొందరేమీ లేనట్టు.

"దీన్లో ఏమీ లేదు," అన్నారు. "పెట్టు."

భీమయ్య వేలిమీద కుంకుమ అద్దుకుని పెట్టె దగ్గరికొచ్చి ఆగిపోయాడు. "తెరిచిన కన్ను దిక్కు పెట్టాల్నా సార్, మూసిన కన్ను దిక్కా?"

ఎవరో నవ్వబోయారు. ఉమాపతిగారు నవ్వలేదు. థీసిస్ ముందు పెట్టుకున్నప్పుడు ఆలోచించినట్టే ఆలోచించారు.

"రెండు దిక్కులా పెట్టు. ఒకే అంత. రెండూ సమానంగా ఉండాలి."

భీమయ్య రెండు బొట్లు పెట్టాడు. వెనక్కి తగ్గి, తల వంచి చూసి, రెండోది కాస్త చిన్నదైందనిపించి ఇంకొంచెం అద్దాడు. తరవాత పెట్టెను ఛాతీకి ఆనించుకుని మైదానంలోకి నడిచాడు. కాత్యాయని తాళ్లు సర్దుతూ అతని పక్కన నడిచింది. తూర్పున తెల్లబడుతోంది. ఉమాపతిగారు చెయ్యి ఊపారు, భీమయ్య నాలుగడుగులు పరుగెత్తి వదిలాడు.